అణుకేంద్రపు ఆపత్కాల సన్నాహము: కనిపెట్టిన లోపమును దిద్దువారెవరు?



విత్తనములు, ఎరువులు, పరపతి, చెఱకు వెల, వీనిని గూర్చి వ్రాయుట మన పత్రికకు పరిపాటి. ఈ నెల అణువిద్యుత్కేంద్రమును గూర్చి వ్రాయుచున్నాము. ఇది మన పొలముతో పనిలేని సంగతి యని పుట త్రిప్పవలదని ప్రార్థించుచున్నాము. కల్పాక్కమునందలి మద్రాసు అణువిద్యుత్కేంద్రము మన సత్యవేటికి దక్షిణమున, సూటిగా కొలిచినచో, దాదాపు 100 కిలోమీటర్ల దూరమున నున్నది. మధ్య చెన్నపట్టణము తప్ప వేఱు అడ్డు లేదు. 1960 ఏప్రిల్ 1వ తేదీన సరిహద్దులు మారువఱకు మన సత్యవేటి ప్రాంతము ఆ చెంగల్పట్టు జిల్లాకు చేరినదే. ఆపైని మనము చిత్తూరు జిల్లావారమైతిమి. 2022 నుండి తిరుపతి జిల్లావారమైతిమి. రాష్ట్రములు వేఱు, జిల్లాలు వేఱు. అయినను వేసవిలో దక్షిణమునుండి వీచు గాలికి పటాస్కరు తీర్పుతో నిమిత్తము లేదు.

అణువిద్యుత్తు వలెనా వలదా యను వాదము మాకిచ్చట అక్కఱలేదు. మన మోటార్లకు విద్యుత్తు కావలెను. అది ఏ రూపమున వచ్చినను ఏదో యొక కష్టము దానితో వచ్చును. కల్పాక్కపు మొదటి యంత్రము 1984లోను, రెండవది 1986లోను పనిచేయ నారంభించినవి. వానిని కట్టినవారు మన దేశపు ఇంజనీర్లే. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చినపుడు సముద్రపు నీరు కేంద్రపు పంపులశాలలో చొరబడినది. నడచుచున్న రెండవ రియాక్టరును ఉద్యోగులు క్షేమముగా ఆపిరి. ఆ సామర్థ్యమును మేము మెచ్చుచున్నాము. కాని ఆ ఉదయముననే కేంద్రమునకు చేరిన నివాసస్థలమున పలువురు అలలపాలైరి. యంత్రము నిలిచినంత మాత్రమున వెలుపలివారు నిలిచిరని చెప్పరాదు. మేము మాటాడదలచినది ఈ వెలుపలివారిని గూర్చియే.

అణుకేంద్రమున ప్రమాదము సంభవించినచో చుట్టుపట్ల ప్రజల నేమి చేయవలెనన్న విషయమై మన దేశమున ఏర్పాట్లు లేకపోలేదు. కేంద్రము చుట్టును కిలోమీటరు, కిలోమీటరున్నర మేర ఎవ్వరును కాపురముండరాదు. 5 కిలోమీటర్ల వఱకు జనసంఖ్య పెరుగకుండ చూడవలెను. 16 కిలోమీటర్ల వఱకు ఆపత్కాల ప్రణాళిక యుండవలెను. వెలుపలి ఆపదకు జిల్లా కలెక్టరు బాధ్యుడు. జనులను ఇండ్లలోనే యుండుమనుట, అయోడిను మాత్రలు పంచుట, అవసరమైన యెడల బస్సులలో తరలించుట, ఇవి అతని పనులు. ఇది యంతయు కాగితముమీద నుండి చాలదు గనుక రెండేండ్లకొకసారి అభ్యాసము జరుపుచున్నారు. మాక్ డ్రిల్ అని అధికారులు వాడుక చేయుచున్నది దీనినే. సైరను మ్రోగునా, టెలిఫోను పలుకునా, బస్సు వచ్చునా, మాత్రలు చేరునా అని చూచుటకే యీ అభ్యాసము. ఇందు లోపములు బయటపడుట తప్పుగాదు. అందులకే దానిని జరుపుట. నాటుటకు ముందు గుప్పెడు గింజలు తడిగోనెలో మూటగట్టి మొలక చూచు రైతు, సగము మొలకెత్తనిచో ఆ విత్తనమునే చల్లునా?

మన అభ్యాసములలో తేలిన లోపము లేమగుచున్నవి? ఈ ప్రశ్నకు ప్రభుత్వపు లెక్కల తనిఖీదారే జవాబు చెప్పినాడు. 2012 ఆగస్టులో పార్లమెంటు నెదుట నుంచిన నివేదికలో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అణుశక్తి నియంత్రణ మండలి పనిని పరిశీలించి, రెండు మూడు మాటలు నిష్కర్షగా వ్రాసెను. కేంద్రములోపలి అభ్యాసములను యాజమాన్యములే జరిపి నివేదికలు పంపుచుండగా మండలి వానిని చదివి యూరకున్నది గాని పరిశీలకులనైన పంపుట లేదు. వెలుపలి అభ్యాసములవలన తేలినది, ఆపద కేంద్రపు ఎల్ల దాటినచో సన్నాహము చాలదనియే. ఈ కొఱతలను దిద్దుడని మండలి సూచింపగలదు. దిద్దించు అధికారము మాత్రము దానికి లేదు. నిబంధనల నతిక్రమించినవారికి విధింపదగిన గరిష్ఠ జరిమానా 500 రూపాయలని కూడ ఆ నివేదికయందే యున్నది. టమాటాలు ప్రియమైన ఏట ఒక్క గంప వెల యంతకన్న హెచ్చు.

1983లో పుట్టిన ఆ మండలి నాటినుండి కేవలము ప్రభుత్వపు ఉత్తరువుమీద నిలిచియుండెను. దానికి చట్టబద్ధమైన ప్రతిపత్తి నిచ్చు శాసనమును 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించినది. ఆ శాసనమే అణువిద్యుత్తున ప్రైవేటు కంపెనీలకు ద్వారములు తెఱచినది. చట్టముయొక్క తక్కిన భాగములపై అభిప్రాయభేదము లుండవచ్చును. మండలికి బలము చేకూరుట మంచిదే యని మా తలంపు. అయినను బలముండుట యొకటి, దానిని గడువు పెట్టి ప్రయోగించుట వేఱొకటి. లోపమును ఎవరు దిద్దవలెను, ఏ తేదీలోపల దిద్దవలెను, దిద్దనిచో ఏమి జరుగును, అను మూడు ప్రశ్నలకు జవాబు వ్రాయబడియుండని యభ్యాసము ఉత్త తిరునాళ్ళయే.

మాటకు సాక్ష్యము జపానునుండి తెత్తము. ఫుకుషిమా కేంద్రమునకు 5 కిలోమీటర్ల దూరమున ఓకుమా యను ఊర ఆపత్కాల కార్యాలయ మొకటి కట్టియుంచిరి. ప్రమాదము వచ్చినపుడు అధికారులందఱు అచ్చట కూడి ప్రజలకు ఆజ్ఞలు పంపవలెనని ఏర్పాటు. ఆ కట్టడమునకు రేడియోధార్మికత నాపు గాలివడపోత లేదనియు, ఉండవలెననియు 2009లో ఆ దేశపు మంత్రిత్వశాఖ యొకటి పరిశీలించి చెప్పినది. ఆ పని జరుగలేదు. 2011 మార్చి 11వ తేదీన భూకంపము, సునామీ వచ్చినవి. ఆ కార్యాలయమునకు విద్యుత్తు పోయినది, టెలిఫోనులు పోయినవి, పిమ్మట రేడియోధార్మికత హెచ్చినది. 15వ తేదీనాటికి అధికారులు దానిని విడిచి ఫుకుషిమా నగరమునకు తరలిపోయిరి. రెండేండ్లు ముందుగా కనిపెట్టబడి, వ్రాయబడి, చదువబడిన లోపమది. జపానువారికి ధనమునకు గాని విద్యకు గాని కొఱతలేదు. కొఱత దిద్దుబాటున నుండినది.

అంతదూర మేల? మన విశాఖపట్టణమున 2020 మే 7వ తేదీ తెల్లవాఱుజామున ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను వాయువు వెలువడి పండ్రెండుగురు మరణించిరి. అది అణుకేంద్రము గాదు. అయినను పాఠ మొక్కటే. కర్మాగారమున ఆపత్కాలపు సైరను కలదు. దానిని మ్రోగించుటకు పలుచోట్ల మీటలును కలవు. ఆ రాత్రి దానిని మ్రోగించినవారు లేరని ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము తేల్చినది. వస్తువుండుట సన్నాహము గాదని యింతకన్న వేఱుగ చెప్పవలెనా? కల్పాక్కముననే, 2003 జనవరి 21వ తేదీన, విద్యుత్కేంద్రమున గాక ప్రక్కనున్న ఇంధన పునఃశుద్ధి కర్మాగారమున, ఒక కవాటము చెడి, ఆఱుగురు పనివాండ్రు మితిమీఱిన రేడియోధార్మికతకు లోనైరి. ఆ తావున దానిని కనిపెట్టి హెచ్చరించు పరికరము లేకుండెను.

ఇక అమెరికావారు చేసిన దేమి? 1979 మార్చి 28వ తేదీన త్రీమైల్ ఐలండు కేంద్రమున ప్రమాదము జరిగిన పిమ్మట వారు నియమములను తిరుగవ్రాసికొనిరి. అచ్చటను అణుకేంద్రము చుట్టును 10 మైళ్లకు, అనగా మన 16 కిలోమీటర్లకే, ప్రణాళిక. వెలుపలి అభ్యాసము రెండేండ్లకొకసారియే. భేద మంతయు ఆపైని కలదు. అభ్యాసమును యాజమాన్యమునకు సంబంధింపని వేఱొక ప్రభుత్వ సంస్థ వచ్చి చూచును. ప్రజల రక్షణకు భంగము కలిగించు లోపము కనబడినచో 120 దినములలో దానిని సరిచేసి, ఆ భాగమును మరల అభ్యసించి చూపవలెను. నాలుగు మాసములలో దిద్దనిచో రియాక్టరును ఆపింపవలెనా యని నియంత్రణ సంఘము విచారింపవలెను. న్యూయార్కుకు చేరువను షోర్‌హాము అను చోట కట్టి ముగించిన అణుకేంద్రమొకటి కలదు. ప్రమాదము వచ్చినచో మా జనులను ఆ ఇఱుకు ద్వీపమునుండి తరలించుట సాధ్యముగాదని 1983లో ఆ జిల్లా ప్రతినిధిసభ తీర్మానించినది. పిమ్మట ఆ కేంద్రము వాణిజ్యముగా ఒక్కనాడైనను నడువలేదు. 1989లో మూతపడుటకు ఒడంబడిక జరిగినది. అంతవఱకు పోవలెనని మేము కోరుట లేదు. నాలుగు మాసముల గడువు మాత్రము మనకును కావలెను.

ఇంతవఱకు 16 కిలోమీటర్లలోపలివారి మాట. వంద కిలోమీటర్ల దూరమున నున్న మనకు భయమేమి యని యెవరైన నడుగవచ్చును. శరీరమునకు సూటిగా తగులు ప్రమాదము మనకు బహుస్వల్పమని మేమును ఒప్పుకొందుము. కాని కర్షకునకు దెబ్బ శరీరముమీద గాక పంటమీద, గడ్డిమీద, పాలమీద తగులును.

జపానునందలి వరిగడ్డి కథ మన రైతులందఱు వినదగినది. 2010 శరత్కాలమున వరి కోసి గడ్డిని పొలములలోనే విడిచిరి. 2011 మార్చిలో అణుకేంద్రమునుండి వెలువడిన సీజియము వానలతో, మంచుతో కలిసి ఆ గడ్డిపై పడినది. బయటనున్న మేతను పశువులకు పెట్టవలదని వ్యవసాయశాఖ ఆ నెలలోనే తాఖీదు పంపినది. అది పశువుల పెంపకందారులకు ఉద్దేశించినది. గడ్డి నమ్ముకొను వరిరైతులకు ఆ సంగతి సరిగ చేరలేదు. వారు గడ్డి నమ్మిరి, పశువులు తినినవి, మాంసము దేశమంతట విపణులకు పోయినది. జూలైలో గుట్టు బయటపడగా ఫుకుషిమా పశువుల రవాణాను నిలిపివేసిరి. ఆ గడ్డిలో కొంత పొరుగుననున్న మియాగి ప్రాంతమునుండి, అనగా కేంద్రమునకు నూఱు కిలోమీటర్లకు పైబడిన తావులనుండి వచ్చినది. ఆ దూరమును మన దూరముతో పోల్చి చూడుడు. రైతు తప్పు చేయలేదు. శాఖ తాఖీదు పంపకపోలేదు. పంపినది చేరవలసినవానికి చేరలేదు.

పాల సంగతి యింతకన్న దుఃఖకరము. 1986 ఏప్రిల్ 26వ తేదీన చెర్నోబిలు ప్రమాదము జరిగిన పిమ్మట పచ్చికపై పడిన రేడియోధార్మిక అయోడిను ఆవుల పొదుగులలోనికి, అందుండి బిడ్డల కంఠములలోనికి చేరినది. ఆ అయోడిను ఎనిమిది దినములలో సగము, మరి ఎనిమిది దినములలో అందు సగముగా తగ్గిపోవునది. ఆ కొలది వారములు పసిబిడ్డలకు ఆ పాలు పోయకయుండినచో చాలును. చెప్పువారు లేకపోయిరి. 2005 నాటికి ఆ ప్రాంతములలో నాటి బిడ్డలలోను యువకులలోను 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సరు రోగులు తేలిరి. వారిలో అధికభాగమునకు ఆ పాలే కారణమని ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞులు చెప్పిరి. సీజియ మట్లుగాదు, సగమగుటకు ముప్పదియేండ్లు పట్టును. చెర్నోబిలుకు రెండువేల కిలోమీటర్లకు పైగా దూరమున నున్న ఇంగ్లండు, వేల్సు కొండలలోని గొఱ్ఱెల విక్రయముపై 1986లో పెట్టిన కట్టుబాట్లు పూర్తిగా తొలగుటకు 2012 వచ్చినది.

ఇట్టి యనుభవములనుబట్టియే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2013లో దూరములను సూచించినది. ఉష్ణశక్తి 1000 మెగావాట్లకు లోబడిన రియాక్టరునకు 100 కిలోమీటర్ల వఱకు, అంతకు మించినదానికి 300 కిలోమీటర్ల వఱకు ఆహారపదార్థముల విషయమున ముందే యోచన చేసికొనవలెనని దాని యభిప్రాయము. అవి మన రియాక్టరులకన్న వేఱు రకమువానిని దృష్టిలో నిడుకొని చేసిన సూచనలైనను దారి చూపుటకు చాలును. కల్పాక్కపు పాత యంత్రములు మొదటి తెగకు చెందును. ఆ లెక్కకు మనము సరిగ్గా అంచుమీద నున్నాము. 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు రెండవ తెగకు చెందును. ఆ లెక్కకు సత్యవేడు, నాగలాపురము, పిచ్చాటూరు, వరదయ్యపాళెము మాత్రమే కాదు, తిరుపతి జిల్లా యంతయు లోపలనే యున్నది.

మఱియొక విషయము. చెన్నపట్టణమున కలవర మేర్పడినచో జనులు ఏ దిక్కునకు పోవుదురు? దక్షిణమునకు పోరు. తడ మీదుగా, ఊత్తుకోట మీదుగా ఉత్తరమునకే వత్తురు. అప్పుడు మనము తరలిపోవువారము గాము, తరలివచ్చువారికి నీళ్ళు, తిండి, నీడ చూపవలసినవారము. ఏ ప్రణాళికయందైన మన పాఠశాలలు, కల్యాణమండపములు, మన బోరుబావులు లెక్కకు వచ్చినవా యని అడుగుట మన హక్కు. పైగా హెచ్చరిక చెంగల్పట్టు కలెక్టరునుండి చెన్నై, తిరువళ్ళూరు దాటి, రాష్ట్రపు ఎల్ల దాటి, అరవమునుండి తెలుగునకు మాఱి మన పాలకేంద్రపు గుమాస్తాకు చేరవలెను. ఇన్ని చేతులు మాఱు కబురు ఎచ్చట ఆగిపోవునో ఎన్నడైన పరీక్షించి చూడవలదా?

కావున మేము కోరునది యిది. వెలుపలి అభ్యాసము జరిగినప్పుడెల్ల అందు తేలిన లోపముల పట్టీని తెలుగు, అరవ భాషలలో ప్రకటింపవలెను. ప్రతి లోపమునకు ఎదురుగా బాధ్యత వహించు కార్యాలయము పేరు, దిద్దవలసిన తేదీ వ్రాయవలెను. నాలుగు మాసములకు మించరాదు. దిద్దిన పిమ్మట ఆ భాగమును మరల అభ్యసించి చూపవలెను. అణుకేంద్రపు రహస్యము లేవియు మాకు అక్కఱలేదు. సైరను ఎన్ని ఊళ్ళకు వినబడలేదో, బస్సులు ఎంత ఆలసించినవో చెప్పుటలో దేశరక్షణకు భంగమేమి? మేత, పాలు, చెఱువునీరు, కోతకు వచ్చిన పంట, వీనిని గూర్చి ప్రత్యేకముగా నొక అభ్యాసము రెండు రాష్ట్రముల వ్యవసాయ, పశుసంవర్ధక శాఖలు కలిసి చేయవలెను. అందు రైతుల సహకార సంఘముల ప్రతినిధులను పరిశీలకులుగ పిలువవలెను. గడ్డి నెవరు అమ్ముదురో, పాలు ఏ వేళకు ఏ దారిని పోవునో కలెక్టరు కచేరీకన్న మనకే బాగుగ తెలియును.

ప్రజలలో లేనిపోని భీతి పుట్టునని కొందఱు పెద్దలు శంకింతురు. తెలియనివానికే భీతి హెచ్చు. ఫుకుషిమా వార్త విని చైనా దేశమున జనులు అయోడిను ఉప్పుకై అంగళ్ళమీద విఱుచుకొనిపడిరి. ఆ ఉప్పు వలన ప్రయోజనమే లేదు. ముందుగ చెప్పియుండినచో ఆ వెఱ్ఱి పుట్టకపోవును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమ ఉప్పెనలో వేలకొలది జనులు కొట్టుకొనిపోయిరి. తుపానును గూర్చి చెప్పిన భయపడుదురని నాటినుండి ఊరకుండినచో, 2014 అక్టోబరున హుద్‌హుద్ విశాఖపట్టణముమీద విఱుచుకొనిపడినపుడు మృతుల సంఖ్య పదులలో ఆగియుండునా? ఆ నడుమ కట్టిన ఆశ్రయములు, తరలింపులు, ఊరూరి చాటింపులు జనులను భయపెట్టలేదు, బ్రదికించినవి. శ్రీకాకుళము జిల్లా కొవ్వాడయందు ఆఱు పెద్ద రియాక్టరులు కట్టవలెనని యోచన చిరకాలముగ సాగుచున్నది. అచ్చటి రైతులకును జాలరులకును ఇది ముందే తెలిసియుండవలసిన సంగతి.

ప్రభుత్వము చేయువఱకు చేతులు కట్టుకొని కూర్చుండుటకు మన సంఘమునకు హేతువు లేదు. వాము వేసిన గడ్డిని వానకాలమునకు ముందు కప్పుట మనకు అలవాటే. కళ్ళమున విడిచిన గడ్డికి కూడ ఆ జాగ్రత్త వర్తింపజేసిన మేలు. పాలకేంద్రముల గుమాస్తాలు, గ్రామ వ్యవసాయ సహాయకులు, పశువైద్యుల టెలిఫోను సంఖ్యల పట్టిక యొకటి మన కార్యాలయమున గోడపై నుంచి ఆఱుమాసముల కొకసారి సరిచూడవలెను. ఏ రైతు ఏ దినమున ఎన్ని లీటర్ల పాలు పోసెను, ఏ బండి గడ్డి ఎవరికి అమ్మెను అను లెక్కలు సరిగ నున్నచో, ఏ ఆపదయందైనను చెడ్డసరుకును వేఱుచేసి మంచిసరుకును అమ్ముకొనగలము. 

పైని చెప్పిన కోరికలను తీర్మాన రూపమున వచ్చు సర్వసభ్య సమావేశమున ప్రవేశపెట్టనున్నాము. ఆమోదింపబడినచో ఒక ప్రతిని తిరుపతి జిల్లా కలెక్టరుగారికి, ఒక ప్రతిని చెంగల్పట్టు జిల్లా కలెక్టరుగారికి, ఒకటి అణుశక్తి నియంత్రణ మండలికి పంపుదుము. ఊత్తుకోట, గుమ్మిడిపూండి వైపు రైతుసంఘములకు అరవ ప్రతి పంపుటకు ఆ భాష వ్రాయనేర్చిన సభ్యులు మన కార్యదర్శిగారికి తమ పేళ్ళు తెలుపగోరుచున్నాము. వచ్చిన జవాబులను, రానిచో రాలేదను సంగతిని, ఈ పత్రికయందే ప్రకటింతుము.